కొన్ని కొండలను నిశ్శబ్దంగానే ఉంచండి: విశాఖ అధికారులకు రాయగడ నుంచి ఒక బహిరంగ లేఖ

విశాఖపట్నంలోనూ, అక్కడి నుంచి భీమునిపట్నం (భీమిలి) వరకూ సాగే తీరంలోనూ కొండల సంరక్షణ, ఉద్యానవనాలు, పర్యాటక సౌకర్యాల బాధ్యత చూస్తున్న అధికారులందరికీ నమస్కారములు.

నేను ఒడిశాలోని రాయగడలో ఉంటున్న తెలుగువాణ్ణి, బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. నా భార్య చికిత్స కోసం నాలుగేళ్ళుగా మూడు నెలలకొకసారి మేమిద్దరం రైలెక్కి పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం మీదుగా మీ నగరానికి వస్తున్నాము. ఉదయం పరీక్షలకు రక్తం ఇచ్చాక, ఫలితం చేతికి వచ్చేది సాయంత్రమో మర్నాడో. ఆ మధ్యలో మిగిలే గంటలు ఎంత బరువుగా ఉంటాయో ఆసుపత్రి వరండాలో కూర్చున్నవారందరికీ తెలుసు. ఆ గంటల్లో మేము కోరుకునేది ఒక్కటే: కాస్త ఎత్తున, సముద్రం కనబడే చోట, ఎవరి గొంతూ వినబడకుండా కొంతసేపు కూర్చోవడం. ఇన్ని కొండలూ ఇంత సముద్రమూ పక్కపక్కనే ఉన్న నగరంలో అటువంటి చోటు దొరకడం ఎందుకింత కష్టమవుతున్నదో, దాన్ని సులభం చేయడానికి మీరు ఏమి చేయగలరో విన్నవించుకోవడానికే ఈ లేఖ రాస్తున్నాను.

పక్క రాష్ట్రంవాడికి ఈ విషయంలో మాట్లాడే చనువు ఎక్కడిదని మీరు అనుకోరాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడే వరకు మా రాయగడ, కొరాపుట్, జయపురం ప్రాంతాలన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలోనివే. మా పెద్దలు విశాఖ వెళ్తున్నామని అనేవారు కారు, వాల్తేరు వెళ్ళొస్తామనేవారు. 1987 దాకా మీ రైల్వే స్టేషను పేరు కూడా అదే కదా. వైద్యానికీ, చదువుకూ, పెళ్ళి బట్టలకూ, సింహాద్రి అప్పన్న మొక్కులకూ మా దారి ఈనాటికీ అటే. మా ఊరిని ఆనుకుని పారే నాగావళి కూడా శ్రీకాకుళం దాటి మీ వైపు సముద్రంలోనే కలుస్తున్నది.

మొదటిసారి వచ్చినప్పుడు స్టేషను బయట ఆటో అబ్బాయిని, ప్రశాంతంగా కూర్చునే చోటుకు తీసుకువెళ్ళమని అడిగాను. అతను రామకృష్ణా బీచ్, కైలాసగిరి, ఋషికొండ అని మూడు పేర్లు చెప్పాడు. అతని తప్పేమీ లేదు, బయటివారికి నగరం ఇన్నాళ్ళుగా చెబుతూ వచ్చినవి ఆ మూడే. పిల్లలతో వచ్చినవారికి అవి చక్కని చోట్లు, వాటి మీద నాకు ఫిర్యాదు లేదు. కైలాసగిరి మీద నిలబడి దక్షిణం వైపు చూస్తే తీరం కొడవలిలా వంగి వెళ్ళి డాల్ఫిన్స్ నోస్ కొండ దగ్గర ఆగే దృశ్యం తూర్పు తీరంలో మరెక్కడా ఇంత నిండుగా కనబడదని నా నమ్మకం. అయితే పండుగ రోజుల్లో, ఆదివారాల్లో అంత ప్రసిద్ధమైన చోట ఒక్క నిమిషం నిశ్శబ్దం దొరుకుతుందని ఎవరూ ఆశించరు.

ఆ తరువాత మరొక కొండ మీది ఉద్యానవనానికి వెళ్ళాము. దాని పేరు ఇక్కడ రాయను. సముద్రానికి ఎదురుగా బల్లలు వేసి ఉన్నాయి, చెట్ల నీడ ఉంది, జనం కూడా పెద్దగా లేరు. కానీ ప్రతి స్తంభానికీ ఒక మైకు కట్టి ఉంది, అందులోంచి సినిమా పాటలు ఆగకుండా వస్తున్నాయి. వినేవారు లేకపోయినా పాట మాత్రం ఆగలేదు. కాసేపు తగ్గించగలరా అని అక్కడి ఉద్యోగిని అడిగితే, పాటలు వేయకపోతే సందర్శకులకు ఏమీ లేనట్టు ఉంటుందని పై నుంచి చెప్పారని అతను మర్యాదగానే జవాబిచ్చాడు. ఎదురుగా బంగాళాఖాతం ఉండగా ఏమీ లేనట్టు ఉంటుందనే మాట ఆనాటి నుంచీ నా మనసులో నలుగుతూనే ఉంది. మీతో చెప్పదలచుకున్నదంతా ఆ మాట చుట్టూనే తిరుగుతుంది. ఎత్తున నిలబడి దూరం చూడగలిగే చోట నిశ్శబ్దమే అసలు సౌకర్యం. మరొక ఆకర్షణను తెచ్చిపెట్టిన ప్రతిసారీ ఆ సౌకర్యం కొంత తరిగిపోతుంది.

మాకు చివరకు దొరికిన చోటు పాత ఊళ్ళో, రేవు ప్రవేశ మార్గం పక్కన ఉన్న రాస్ హిల్. అక్కడ మూడు చిన్న కొండలు పక్కపక్కనే ఉన్నాయి: ఒకదాని మీద మేరీమాత చర్చి, మరొకదాని మీద దర్గా, ఇంకొకదాని మీద వేంకటేశ్వరస్వామి ఆలయం. నా భార్యకు మోకాళ్ళ నొప్పులు ఉన్నందువల్ల ఆగుతూ ఆగుతూ ఎక్కాము. పైకి చేరేసరికి సాయంత్రం నాలుగున్నర అయ్యింది. ఎదురుగా, చెయ్యి చాస్తే అందుతుందా అన్నంత దగ్గరగా, డాల్ఫిన్స్ నోస్ కొండ; దానికీ మాకూ మధ్య ఇరుకైన నీటి దారి. 1933లో ఓడరేవు ప్రారంభమైనప్పటి నుంచీ లోపలి హార్బరుకు వెళ్ళే ఓడలన్నీ ఆ సందులోంచే వెళ్తున్నాయి. మేము చూస్తుండగానే ఒక పెద్ద సరుకు ఓడ, టగ్గు పడవలు వెంట రాగా, కదులుతున్నదో లేదో తెలియనంత మెల్లగా లోపలికి వచ్చింది. అంత పెద్ద ఇనుప గోడ ఇళ్ళ మధ్యలోంచి నడిచిపోతున్నట్టు అనిపించింది. నేను దాని గురించి ఏదో వివరించబోతుంటే నా భార్య, "ఏమండీ, కాసేపు ఏమీ చెప్పకండి" అన్నది. ఓడ మలుపు తిరిగి కనుమరుగయ్యే వరకు మేమిద్దరం మాట్లాడుకోలేదు. మర్నాటి పరీక్షా ఫలితం గురించిన భయం ఆమె ముఖంలో మొదటిసారి కాస్త సడలడం అప్పుడే చూశాను.

ఆ కొండ మీద నిశ్శబ్దం ఎలా మిగిలిందో ఆలోచించదగిన విషయం. అక్కడ ప్రశాంతతను ఏ పథకమూ తయారు చేయలేదు. ప్రార్థన కోసం వచ్చేవారు గొంతు తగ్గించి మాట్లాడతారు; వారిని చూసి తక్కినవారూ తగ్గిస్తారు. సింహాచలంలోనూ ఇటువంటిదే చూశాను. బస్సులూ కార్లూ ఘాట్ రోడ్డు మీదుగా పైకి వెళ్ళిపోతాయి గనుక, కొండ అడుగునున్న తొలిపావంచా నుంచి ఎక్కే పాత మెట్లదారి మామూలు రోజుల్లో దాదాపు ఖాళీగా ఉంటుంది. ఎక్కలేనివారు పావు వంతు ఎక్కి కూర్చున్నా చాలు, గాలి చప్పుడు తప్ప మరొకటి వినబడదు. మనుషులు ఒక చోటును ఏ ఉద్దేశంతో వాడుతున్నారో దాన్ని బట్టే అక్కడి ధ్వని ఏర్పడుతుందని, ఆ ఉద్దేశాన్ని మీరు పెట్టే బోర్డులూ ఏర్పాట్లూ మార్చగలవని నేను నమ్ముతున్నాను.

ఇక తొట్లకొండ సంగతి. భీమిలి రోడ్డు మీద, నగరం నుంచి సుమారు పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ కొండను 1976లో నౌకాదళం జరిపిన విమాన పరిశీలన సందర్భంగా గుర్తించారు. 1988 నుంచి 1993 వరకు రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు జరిపి స్తూపాలనూ, విహారాలనూ, రాతిని తొలిచి నీరు నిలువ చేసుకున్న తొట్లనూ వెలికితీసింది. ఆ తొట్ల వల్లనే కొండకు ఆ పేరు. రెండు వేల ఏళ్ళ క్రితం బౌద్ధ భిక్షువులు ఈ కొండను ఎంచుకోవడంలో ఎంత తెలివి ఉన్నదో అక్కడ నిలబడినవారికి వెంటనే అర్థమవుతుంది: ఊరి గొడవకు అందనంత ఎత్తు, కింద తీరం వెంబడి సాగే వర్తకానికి మరీ దూరం కానంత దగ్గర, వాన నీటిని పట్టుకోగల రాతి నేల. దగ్గరలోనే ఉన్న బావికొండ, భీమిలి పైనున్న పావురాలకొండ కూడా ఇటువంటివే. ఒకే తీరంలో మూడు కొండలను ఏకాంతం కోసం ఎంచుకున్న మనుషులు మనకంటే ముందే ఈ వెతుకులాట పూర్తి చేశారు. మనం చేయవలసిందల్లా వారి ఎంపికను చెడగొట్టకుండా ఉండడమే. తొట్లకొండ చుట్టూ, దాని నుంచి సముద్రం వరకు కనబడే ఏటవాలు నేలంతటిలోనూ ఎత్తయిన కట్టడాలకు అనుమతి ఇవ్వరాదని నా మొదటి మనవి. ప్రహరీగోడ లోపలి రాళ్ళను కాపాడి, అక్కడి నుంచి కనబడే దృశ్యాన్ని పోగొట్టుకుంటే ఆ స్థలంలో సగమే మిగిలినట్టు.

మీ కొండల రాతి గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే అది మాకు దగ్గరి సంగతి. విశాఖ కొండల్లో ఎక్కువగా ఉండే రాతిని భూవిజ్ఞానులు ఖోండలైట్ అంటారు. మా జిల్లాల కొండల్లో నివసించే కోంధుల పేరు మీదనే దానికి ఆ పేరు వచ్చింది. ఆ రాయి ఎండకూ వానకూ త్వరగా పొరలు విడుస్తుంది, ఎర్రమన్నుగా మారుతుంది. చెట్ల వేళ్ళు పట్టి ఉంచినంతకాలం నిలుస్తుంది, వాలును నిలువుగా కోస్తే జారుతుంది. ఆ కోంధులలోని డొంగరియా కోంధులు మా రాయగడ, కలహండి జిల్లాల్లోని నియమగిరిని దైవంగా కొలుస్తారు. సుప్రీంకోర్టు ఆదేశంతో 2013లో జరిగిన పన్నెండు గ్రామసభల్లో ప్రతి సభా అక్కడ బాక్సైట్ తవ్వకానికి అంగీకరించేది లేదన్నది. కొండ మీద ఏమీ కట్టకపోయినా దానికి విలువ ఉంటుందని చెప్పడానికి వారికి ఏ పర్యాటక నివేదికా అవసరం రాలేదు. అదే రాతి కొండలున్న మీ నగరంలో ఋషికొండను తొలిచి కట్టిన భవనాల వ్యవహారం న్యాయస్థానాల దాకా వెళ్ళిందని పత్రికల్లో చదివినప్పుడు మాకు సొంత ఊరి కొండకు దెబ్బ తగిలినట్టే అనిపించింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మీ కొండల మీది చెట్లను ఒక్క రోజులో ఎలా కూల్చిందో మీరు కళ్ళారా చూశారు. ఇప్పుడు పైకి వెళ్ళే కొత్త దారి వేయాలన్నా, ఉన్న దారిని వెడల్పు చేయాలన్నా ముందుగా ఆ వాలు ఏ స్థితిలో ఉన్నదో చూడండి.

ఎర్రమట్టి దిబ్బల విషయంలో ఇంకా ఎక్కువ జాగ్రత్త కావాలి. భీమిలికి వెళ్ళే దారిలోని ఆ దిబ్బలు ఇసుక రేణువులకు ఇనుప ఆక్సైడు పూత పట్టి ఎర్రబారినవి; 2014లో వాటిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు. అక్కడి సన్నని లోయలన్నీ వాన నీటి కోత వల్ల ఏర్పడినవి గనుక, నడిచే ప్రతి అడుగూ వాటి అంచులను కొంత విరుస్తుంది. అక్కడ మెట్లు, వేదికలు, ఫోటోల కోసం కట్టే చట్రాలు ఏవీ వద్దు. అంచున ఒక గట్టి కంచె, దాని ఇవతల నాలుగు బల్లలు ఉంటే చాలు.

మీ ముందున్న ఇబ్బందులు నాకు తెలియనివి కావు. నిర్జనంగా వదిలేసిన కొండ మీద తాగి సీసాలు పగలగొట్టేవారు చేరతారు, ఆడపిల్లలు వెళ్ళడానికి భయపడతారు, చీకటి పడితే ఎవరికీ భద్రత ఉండదు. అందుకే దీపాలు, దుకాణాలు, జనం ఉండాలని మీరు భావిస్తారు. ఈ భయంలో నిజం ఉంది. ఒకసారి ఒక మలుపు దగ్గర ఆటో దిగిన మేము కింద పరచుకున్న గాజు పెంకులు చూసి అదే ఆటోలో వెనక్కి వచ్చేశాము. అయితే దానికి పరిష్కారం సంత కాదు, కాపలా. తెల్లవారుజాము ఐదు నుంచి తొమ్మిది వరకు, సాయంత్రం నాలుగు నుంచి చీకటి పడే వరకు అని వేళలు నిర్ణయించి, ఆ వేళల్లో ఇద్దరు కాపలాదారులను ఉంచి, తక్కిన సమయంలో దారి మూసివేస్తే చాలు. కొండ కింది మత్స్యకార పేటల వారికీ, స్వయం సహాయక బృందాల మహిళలకూ జీతమిచ్చి ఆ పని అప్పగిస్తే వారికి ఉపాధి ఉంటుంది, చోటు తమదన్న పట్టింపూ ఉంటుంది. కైలాసగిరి మీది గాజు వంతెనకూ రోప్‌వేకూ వచ్చే టికెట్టు సొమ్ములో కొంత భాగం ఈ పనికి కేటాయించండి. సందడి కోరుకునేవారు చెల్లించిన డబ్బుతో నిశ్శబ్దం కోరుకునేవారి చోటు నిలబడడంలో అన్యాయమేమీ లేదు.

అందువల్ల నేను కోరేది పెద్ద పథకం కాదు. నగరంలోనూ తీరంలోనూ ఐదారు చోట్లను ఎంచి, వాటిని నిశ్శబ్ద వ్యూ పాయింట్లుగా ప్రకటించి, అక్కడ మైకులు, డ్రోన్లు, దుకాణాలు, రంగు దీపాలు ఉండవని రాతపూర్వకంగా నిర్ణయించండి. వీపు ఆనుకునే వీలున్న రాతి బల్లలు, పట్టుకోవడానికి కమ్మీ, మోకాళ్ళ నొప్పులున్నవారు ఎక్కగలిగే తక్కువ ఎత్తు మెట్లు, వాటి మధ్యలో ఆగడానికి చప్టాలు ఉండాలి. మరుగుదొడ్డి, తాగునీరు, వాహనాలు నిలిపే స్థలం కొండ కిందనే ఉండాలి, పైన కాదు. నీడ కోసం రేకుల పందిళ్ళు వేయకుండా మన తూర్పు కనుమల్లో సహజంగా పెరిగే చెట్లనే నాటండి.

ఇన్నింటిలోనూ నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టినది సమాచారం లేకపోవడం. ఒక కొండ అటవీ శాఖది, మరొకటి పురావస్తు శాఖది, ఇంకొకటి దేవాదాయ శాఖది, ఒకటి నౌకాదళానిది, మరొకటి నగరాభివృద్ధి సంస్థది. ఏ గేటు ఎప్పుడు తెరుస్తారో, ఎక్కడ ఫోటోలు తీయకూడదో, చివరి బస్సు ఎప్పుడో తెలుసుకోవాలంటే పొరుగూరివాడు ఎవరిని అడగాలి? యారాడ బీచ్‌కు దిగే ఘాట్ రోడ్డు మీది నుంచి మూడు వైపులా కొండలు, నాలుగో వైపు సముద్రం, మధ్యలో కొబ్బరిచెట్లు కనబడతాయని నాకు తెలిసింది మూడో సంవత్సరంలో, అదీ ఆసుపత్రిలో పక్క మంచం వారి అల్లుడు చెబితే. తెల్లవారేటప్పుడు సూర్యుడు సముద్రం మీదనే ఉదయిస్తాడు గనుక తీరపు కొండలకు ఉదయమే మంచి వేళ అని, సాయంత్రం పొద్దు నగరం వెనుక కొండల్లోకి వాలుతుంది గనుక అప్పుడు రేవు వైపు చూడగలిగే చోటు మేలని ఒక్క బోర్డు మీదైనా రాసి ఉంటే, ఒక్క పూట మాత్రమే చేతిలో ఉన్నవారికి ఎంత సాయమో ఆలోచించండి. రైల్వే స్టేషనులోనూ, ద్వారకా బస్టాండులోనూ, పెద్ద ఆసుపత్రుల ఆవరణల్లోనూ ఇటువంటి పట్టిక ఒకటి పెట్టండి. అందులో తెలుగు, ఇంగ్లీషు, హిందీలతోపాటు ఒడియా కూడా ఉండాలి. రాయగడ, కొరాపుట్, గజపతి, గంజాం జిల్లాల నుంచి వచ్చే రోగుల బంధువుల్లో తెలుగు మాట్లాడగలిగినా చదవలేనివారు చాలామంది. మా పిల్లలు చదువుకునేది ఒడియా బడుల్లోనే కదా.

ఒక సందేహం మీకు రావచ్చు. పేర్లు ప్రకటిస్తే జనం పెరిగి, నిశ్శబ్దం పోదా? పోయే ప్రమాదం ఉంది. అందుకే ప్రకటనల్లో ఫోటోల కంటే నియమాలు ముందుగా కనబడాలని, ఒక్కో చోటుకు ఒకేసారి ఎంతమంది వెళ్ళవచ్చో పరిమితి పెట్టాలని, కార్లు పై వరకూ వెళ్ళనివ్వరాదని కోరుతున్నాను. నడవలేని వృద్ధులకూ రోగులకూ మాత్రం చిన్న బ్యాటరీ వాహనం ఒకటి ఉంటే బాగుంటుంది.

ఈ పనిలో నా వంతు సాయం చేయడానికి సిద్ధంగా ఉన్నాను. తెలుగు, ఒడియా రెండూ నేను పిల్లలకు నేర్పినవే. బోర్డుల మీద రాయవలసిన విషయం మీరు తెలుగులో పంపితే ఏ రుసుమూ లేకుండా ఒడియాలో రాసి ఇస్తాను. నా భార్యకు తదుపరి పరీక్ష కార్తిక మాసంలో ఉంది. ఆ రోజు ఉదయం రక్తం ఇచ్చాక, వీలైతే తొట్లకొండకు, మోకాళ్ళు సహకరించకపోతే రాస్ హిల్ మీది ఆ పాత చోటుకే వెళ్దామని అనుకుంటున్నాము. మీలో ఎవరైనా అక్కడికి వచ్చి మా పక్కన కూర్చుని చూడగలిగితే, బల్ల ఎక్కడ వేయాలో, కమ్మీ ఎక్కడ అవసరమో నా భార్యే చూపిస్తుంది.

భవదీయుడు,
రాయగడ నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు